తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతంలో తెలుగుదేశం పార్టీ

తెలుగుదేశం ఎన్నికల సంఘం గుర్తింపు పొందిన రాష్ట్ర పార్టీ. సినీనటుడు నందమూరి తారక రామారావు 1982 మార్చి 29న హైదరాబాదులో దీన్ని స్థాపించారు. జెండా రంగు పసుపు, దాని మీద గుడిసె, నాగలి, చక్రం ఉంటాయి. ఎన్నికల గుర్తు సైకిల్. రాష్ట్రం మొత్తంలో ఆ పార్టీ నడక ఎలా సాగిందో చాలా పుస్తకాలు చెప్పాయి. కృష్ణా పడమటి డెల్టాలో తెనాలి, వేమూరు, రేపల్లె, బాపట్ల శాసనసభ నియోజకవర్గాల్లో ఆ పార్టీ ఎలా పాదుకుందో, ఎవరెవరిని చట్టసభలకు పంపిందో, ఎవరిని పోగొట్టుకుందో ఈ వ్యాసం చెబుతుంది.

ఈ ప్రాంతానికి నడిమధ్యన ఉన్నది నగరం అనే ఊరు. ఉత్తరాన తెనాలి, తూర్పున రేపల్లె, పడమట బాపట్ల, దక్షిణాన నిజాంపట్నం రేవు, సముద్రం. కాలవ నీళ్లతో వరి పండే నేల. నగరం మండలం రేపల్లె శాసనసభ స్థానంలోనూ, బాపట్ల లోక్‌సభ స్థానంలోనూ భాగం. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడేదాకా ఇదంతా గుంటూరు జిల్లాయే. ఇప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోగా వేమూరు, రేపల్లె, బాపట్ల కొత్త జిల్లాలో చేరాయి. అయినా నగరం చుట్టుపక్కల వారికి రాజకీయం మాట్లాడుకునే ఊరు తెనాలే.

పార్టీకి ముందున్న నేల

కాంగ్రెస్‌ను కాదనడం ఈ ప్రాంతం ఎన్టీ రామారావు వచ్చాక నేర్చుకున్నది కాదు. పొన్నూరు పక్కనున్న నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి.రంగా 1951లో కాంగ్రెస్ వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో ఆ పార్టీ కాంగ్రెస్‌తోనూ, ప్రజా పార్టీతోనూ కలిసి కమ్యూనిస్టుల మీద పోటీ చేసి 22 స్థానాలు గెలిచింది. 1957లో రంగా తెనాలి నుంచే కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు వెళ్లారు. రెండేళ్లకు స్వతంత్ర పార్టీ పుట్టినప్పుడు దాని అధ్యక్షుడయ్యారు. 1962లో అదే తెనాలి కమ్యూనిస్టు అభ్యర్థి కొల్లా వెంకయ్యను గెలిపించింది. 1964 జూలైలో కమ్యూనిస్టు పార్టీలోని వామపక్షం వారు సదస్సు జరుపుకున్నదీ తెనాలిలోనే. ఆ ఏడాది చివర్లో మార్క్సిస్టు పార్టీ విడిగా ఏర్పడటానికి దారితీసిన సమావేశం అది.

తెనాలి శాసనసభ స్థానంలో దొడ్డపనేని ఇందిర 1967లో స్వతంత్ర పార్టీ అభ్యర్థిగా, 1972లో కాంగ్రెస్ అభ్యర్థిగా, 1978లో జనతా అభ్యర్థిగా గెలిచారు. ఒకే మనిషి మూడు గుర్తుల మీద మూడుసార్లు నెగ్గారు. పక్కన వేమూరులో యడ్లపాటి వెంకటరావు కూడా స్వతంత్ర పార్టీ నుంచి వచ్చినవారే. మూడుసార్లు శాసనసభ్యుడై, కాంగ్రెస్ ప్రభుత్వాల్లో మంత్రిగా చేశారు. తరువాత తెలుగుదేశంలో చేరి గుంటూరు జిల్లా పరిషత్ అధ్యక్షుడిగా, 1998 నుంచి 2004 వరకు రాజ్యసభ సభ్యుడిగా పనిచేశారు. నూరేళ్లు దాటి బతికి 2022లో కన్నుమూశారు. రైతు రాజకీయం స్వతంత్ర పార్టీ నుంచి సైకిల్ గుర్తుకు ఎలా చేరిందో తెలియాలంటే యడ్లపాటి జీవితం చూస్తే చాలు. తెలుగుదేశం ఇక్కడ బీడు భూమిలో విత్తనం వేయలేదు. దున్ని ఉంచిన చేలో వేసింది.

1983: పసుపు జెండా

1978, 1983 మధ్య కాంగ్రెస్ అధిష్ఠానం రాష్ట్రంలో నలుగురు ముఖ్యమంత్రులను చూపించింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఢిల్లీ నుంచి సీల్డు కవరులో పేరు వస్తే ఇక్కడ కుర్చీ మారే ఆ పద్ధతి మీద జనానికి రోత పుట్టింది. తెలుగువారి ఆత్మగౌరవం అన్న మాట అందుకే ఊరూరా పట్టుకుంది. 1983 జనవరి ఎన్నికల్లో 294 స్థానాలకు 200కు పైగా తెలుగుదేశం గెలిచింది. జనవరి 9న రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

ఈ ప్రాంతంలో ఆ గాలికి ఏ స్థానమూ ఎదురు నిలవలేదు. తెనాలిలో అన్నాబత్తుని సత్యనారాయణ, రేపల్లెలో యడ్ల వెంకటరావు, బాపట్లలో సి.వి.రామరాజు, వేమూరులో నాదెండ్ల భాస్కరరావు గెలిచారు. బాపట్ల ఫలితం వీటిలో ప్రత్యేకం. కోన ప్రభాకరరావు 1967 నుంచి వరుసగా మూడుసార్లు నెగ్గిన చోటు అది. ఆయన శాసనసభ స్పీకరుగా పనిచేశారు, తరువాతి కాలంలో మహారాష్ట్ర గవర్నరు కూడా అయ్యారు. అంతటి కాంగ్రెస్ కోటలో సైకిల్ గుర్తు గెలిచిందంటే ఆ ఏడాది గాలి ఎంత బలంగా వీచిందో అర్థం చేసుకోవచ్చు.

వేమూరు నుంచి ముప్పై ఒక్క రోజులు

పార్టీ వ్యవస్థాపనలో రామారావుకు తోడుగా నిలిచినవారిలో నాదెండ్ల భాస్కరరావు ముఖ్యుడు. 1978లో విజయవాడ తూర్పు నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచి, కొత్త పార్టీలోకి వచ్చి వేమూరు నుంచి సభకు వెళ్లి మంత్రి అయ్యారు. రామారావు అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని తిరిగివచ్చిన కొద్ది రోజులకే, 1984 ఆగస్టు 16న, గవర్నరు రాంలాల్ ఆయన్ని పదవి నుంచి తొలగించి భాస్కరరావుతో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. శాసనసభలో బలం తేల్చుకునే అవకాశం రామారావుకు ఇవ్వలేదు. తనవైపున్న శాసనసభ్యులను ఆయన రాష్ట్రపతి ముందు నిలబెట్టారు, కర్ణాటకలో శిబిరంలో దాచుకున్నారు. దేశంలోని కాంగ్రెసేతర పక్షాలన్నీ ఆయనకు అండగా వచ్చాయి. గవర్నరును మార్చక తప్పలేదు. శంకర్ దయాళ్ శర్మ వచ్చాక సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

ఫిరాయింపుల చర్చ ఎక్కడ జరిగినా ఆ నెల రోజుల కథ వస్తుంది. దాని ముఖ్యపాత్రధారి వేమూరు ప్రతినిధి కావడం ఈ ప్రాంత చరిత్రలో తుడిచేయలేని విషయం. ఈ ప్రాంతపు ఓటరు భాస్కరరావును శాశ్వతంగా బహిష్కరించలేదన్నదీ అంతే ముఖ్యం. 1989లో ఆయన కాంగ్రెస్ అభ్యర్థిగా తెనాలిలో గెలిచారు. 1998లో ఖమ్మం నుంచి లోక్‌సభకు వెళ్లారు.

1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ గెలిచినా రాష్ట్రంలో తెలుగుదేశం 30 స్థానాలు తెచ్చుకుని లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైంది. తెనాలిలో నిశ్శంకరరావు వెంకటరత్నం, బాపట్లలో చిమటా సాంబు ఆ పార్టీ ఎంపీలయ్యారు. పక్కనే గుంటూరులో మాత్రం వృద్ధ రంగా కాంగ్రెస్ అభ్యర్థిగా నెగ్గారు. రాష్ట్రంలో కాంగ్రెస్‌కు దక్కిన ఆరింటిలో అదొకటి.

మండలం

నగరంలో తెలుగుదేశం మిగిల్చిన గుర్తు ఏమిటని ఎవరైనా అడిగితే నా జవాబు మండల కార్యాలయం. 1984లో ఆ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. భూమి లెక్కలు తరతరాలుగా కొన్ని కుటుంబాల చేతుల్లోనే ఉండే పద్ధతి దాంతో ఆగిపోయింది. 1985లో తాలూకాలను చీల్చి వెయ్యికి పైగా మండలాలు ఏర్పరచింది. మూడు వందల పైచిలుకు పంచాయతీ సమితుల స్థానంలో మండల పరిషత్తులు వచ్చాయి. 1987లో మండలాధ్యక్షులను, జిల్లా పరిషత్ అధ్యక్షులను ఓటర్లు నేరుగా ఎన్నుకున్నారు. పట్టా, కుల ధ్రువపత్రం, పింఛను, ఏది కావాలన్నా తాలూకా కచేరీ దాకా పోవాల్సిన మనిషికి ఆఫీసు సైకిల్ మీద వెళ్లి రాగల దూరానికి వచ్చింది.

ఆ మార్పుతో కొత్త రకం నాయకులు కూడా పుట్టారు. అంతకుముందు సమితి అధ్యక్షుడంటే ఎక్కువగా పెద్ద రైతు. మండలాలు వచ్చాక వెనుకబడిన కులాల యువకులకు మండలాధ్యక్ష పదవి మొదటి మెట్టయింది. తెలుగుదేశానికి ఇక్కడ గౌడ, మత్స్యకార, చేనేత కుటుంబాల్లో ఈనాటికీ ఉన్న పట్టుకు కిలో రెండు రూపాయల బియ్యం ఒక కారణమైతే ఈ పదవులు రెండో కారణం. బియ్యం పథకాలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వేరే పేర్లతో వచ్చాయి. మండలాన్ని తీసేసే సాహసం తరువాతి ప్రభుత్వాలేవీ చేయలేదు.

దళితుల విషయంలో ఈ మాట అంత సులువుగా చెప్పలేం. ఈనాటి బాపట్ల లోక్‌సభ స్థానం పరిధిలోని కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు దళితులను చంపారు. అప్పుడు రాష్ట్రంలో ఉన్నది తెలుగుదేశం ప్రభుత్వం. వేమూరు నియోజకవర్గంలోని చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపినప్పుడు కాంగ్రెస్ ప్రభుత్వం. దళిత రాజకీయం రెండు పెద్ద పార్టీలకూ బయట, సొంత కాళ్ల మీద నిలవాలన్న ఆలోచన రాష్ట్రమంతటా బలపడింది ఈ రెండు ఊళ్ల నుంచే. ఈ ప్రాంతంలో ఏ పార్టీ చరిత్ర రాసినా ఈ రెండు తేదీలు రాయకపోతే అది అబద్ధం రాసినట్టే. 2008 పునర్విభజనలో వేమూరు శాసనసభ స్థానం, బాపట్ల లోక్‌సభ స్థానం ఎస్సీలకు రిజర్వయ్యాయి. అప్పటి నుంచి వేమూరులో తెలుగుదేశానికి నక్కా ఆనందబాబే ముఖం. 2009, 2014, 2024లో ఆయన గెలిచారు, 2017 నుంచి 2019 వరకు సాంఘిక సంక్షేమ మంత్రిగా చేశారు.

గాలితో పాటు నడిచిన ఇరవై ఏళ్లు

1983 నుంచి 2004 వరకు తెనాలి, రేపల్లె, బాపట్ల ఒకే బండికి కట్టిన ఎడ్లలా నడిచాయి. రాష్ట్రంలో ఏ పార్టీ గెలిస్తే ఈ మూడు చోట్లా ఆ పార్టీయే. 1985లో రాష్ట్రంలో 202 స్థానాలు వచ్చినప్పుడు అన్నాబత్తుని, యడ్ల మళ్లీ నెగ్గగా బాపట్లలో ఉమ్మారెడ్డి వెంకటేశ్వర్లు వచ్చారు. 1989లో తెలుగుదేశం 74కు పడిపోతే తెనాలిలో భాస్కరరావు, రేపల్లెలో అంబటి రాంబాబు, బాపట్లలో చీరాల గోవర్ధనరెడ్డి కాంగ్రెస్ వారు గెలిచారు. 1994లో 216 స్థానాలతో రామారావు తిరిగివచ్చారు. తెనాలి రావి రవీంద్రనాథ్‌ను, రేపల్లె ముమ్మనేని వెంకటసుబ్బయ్యను, బాపట్ల ముప్పలనేని శేషగిరిరావును, వేమూరు ఆలపాటి రాజేంద్రప్రసాద్‌ను పంపాయి.

1995 సెప్టెంబరు 1న చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయినప్పుడు పార్టీ చీలుతుందనుకున్నారు. శాసనసభ్యుల్లో ఎక్కువమంది కొత్త నాయకుడి వెంట వెళ్లారు. 1999లో పార్టీకి 180 స్థానాలు వచ్చాయి. ముమ్మనేని, ఆలపాటి తమ స్థానాలు నిలుపుకున్నారు. తెనాలిలో గోగినేని ఉమ, బాపట్లలో మంతెన అనంతవర్మరాజు గెలిచారు. 2004లో పార్టీ 47కు దిగజారినప్పుడు నాలుగూ పోయాయి. తెనాలిలో నాదెండ్ల మనోహర్, రేపల్లెలో దేవినేని మల్లికార్జునరావు, బాపట్లలో గాదె వెంకటరెడ్డి, వేమూరులో సతీష్ పాల్‌రాజ్ కాంగ్రెస్ తరఫున నెగ్గారు.

లోక్‌సభ స్థానాల్లో ఓటరు ఇంకాస్త స్వతంత్రంగా నడిచాడు. 1991లో రాష్ట్రంలో కాంగ్రెస్ అధికారంలో ఉండగానే తెనాలి ఉమ్మారెడ్డిని, బాపట్ల రామారావు అల్లుడు దగ్గుబాటి వెంకటేశ్వరరావును గెలిపించాయి. 1996లో బాపట్ల ఎంపీగా వెళ్లిన ఉమ్మారెడ్డి యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వంలో కేంద్ర మంత్రి అయ్యారు. 1999లో మళ్లీ తెనాలి నుంచి నెగ్గారు. ఒకే మనిషి బాపట్ల శాసనసభకు, బాపట్ల, తెనాలి లోక్‌సభ స్థానాలకు పార్టీ తరఫున ప్రాతినిధ్యం వహించడం ఆయన ఒక్కరికే చెల్లింది. చివరికి ఆయన కూడా వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరి శాసనమండలి సభ్యుడయ్యారు.

సినిమావారి పార్టీ అన్న పేరు ఇక్కడ ఊరికే రాలేదు. తెనాలిలో పుట్టి జాతీయ ఉత్తమ నటి పురస్కారాన్ని మూడుసార్లు అందుకున్న ఊర్వశి శారద 1996లో సొంత ఊరి నుంచే లోక్‌సభకు గెలిచారు. నిర్మాత దగ్గుబాటి రామానాయుడు 1999లో బాపట్ల ఎంపీ అయ్యారు. 2004లో ఆయన్ని ఓడించినది రామారావు కూతురు పురందేశ్వరి, అదీ కాంగ్రెస్ తరఫున. వ్యవస్థాపకుడి పార్టీ ఒకవైపు, వ్యవస్థాపకుడి కూతురు మరోవైపు నిలబడిన ఆ పోటీలో బాపట్ల ఓటరు కూతురి వైపు మొగ్గాడు.

2009 తరువాత

పునర్విభజన ఈ ప్రాంతపు పటాన్నే మార్చింది. తెనాలి లోక్‌సభ స్థానం, కూచినపూడి, దుగ్గిరాల శాసనసభ స్థానాలు రద్దయ్యాయి. తెనాలి గుంటూరు లోక్‌సభలోకి, వేమూరు, రేపల్లె బాపట్ల లోక్‌సభలోకి వెళ్లాయి. ఆ తరువాత నాలుగు స్థానాలూ నాలుగు దారులు పట్టాయి. నా లెక్కలో ఈ ప్రాంత రాజకీయానికి 1983 తరువాత అంతటి మలుపు ఇదే. అంతవరకు గాలి మనుషులను గెలిపించింది. ఆ పైన గాలికి ఎదురు నిలిచే మనుషులు కనిపించారు.

బాపట్ల తెలుగుదేశానికి దూరమైంది. 2009లో గాదె వెంకటరెడ్డి మళ్లీ గెలిచారు. 2014లో రాష్ట్రంలో తెలుగుదేశం అధికారంలోకి వచ్చినా బాపట్ల మాత్రం ప్రభాకరరావు కుమారుడు కోన రఘుపతిని వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిపించింది, 2019లో మళ్లీ ఆయన్నే పంపింది. 1999 తరువాత అక్కడ సైకిల్ గుర్తు నెగ్గడానికి పాతికేళ్లు పట్టింది. 2024లో వేగేశన నరేంద్రవర్మ ఆ స్థానాన్ని తిరిగి తెచ్చారు.

రేపల్లె దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచింది. 2009లో అక్కడ కాంగ్రెస్ తరఫున గెలిచిన మోపిదేవి వెంకటరమణ 2014, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా రెండుసార్లూ అనగాని సత్యప్రసాద్ చేతిలో ఓడారు. రెండోసారి గెలుపు మరీ విశేషం. 2019లో తెలుగుదేశానికి రాష్ట్రంలో 23 స్థానాలే వచ్చాయి. అప్పటి గుంటూరు జిల్లాలోని 17లో దక్కినవి రెండు: గుంటూరు పశ్చిమం, రేపల్లె. గుంటూరు పశ్చిమ సభ్యుడు తరువాత అధికార పక్షం వైపు వెళ్లిపోయారు. అనగాని నిలిచారు. 2024లో మూడోసారి గెలిచి రాష్ట్ర రెవెన్యూ మంత్రి అయ్యారు. ఓడిన మోపిదేవి వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వంలో మంత్రిగా, తరువాత రాజ్యసభ సభ్యుడిగా ఉండి, 2024 ఆగస్టులో ఆ సభ్యత్వానికి రాజీనామా చేసి తెలుగుదేశంలోనే చేరారు. మూడు ఎన్నికల్లో ఎదురెదురుగా జెండాలు మోసిన రేపల్లె, నగరం, నిజాంపట్నం కార్యకర్తలు ఇప్పుడు ఒకే పార్టీలో ఉన్నారు. వారిని కలిపి కూర్చోబెట్టడం ఆ పార్టీకి చిన్న పని కాదు.

2019 బాపట్ల లోక్‌సభ ఫలితం కూడా చెప్పుకోదగ్గది. ఆ స్థానంలోని ఏడు శాసనసభ నియోజకవర్గాల్లో రేపల్లె, పర్చూరు, అద్దంకి, చీరాల నాలుగింటినీ తెలుగుదేశం గెలిచింది. ఎంపీ స్థానం మాత్రం వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి నందిగం సురేష్‌కు దక్కింది. ఓటరు ఎమ్మెల్యేను ఒక లెక్కతో, ఎంపీని ఇంకో లెక్కతో చూస్తాడనడానికి దీన్ని మించిన రుజువు అక్కర్లేదు. అంతకుముందు 2014లో మాల్యాద్రి శ్రీరామ్, ఆ తరువాత 2024లో విశ్రాంత ఐపీఎస్ అధికారి తెన్నేటి కృష్ణప్రసాద్ తెలుగుదేశం తరఫున ఆ స్థానం నుంచి వెళ్లారు.

తెనాలి మాత్రం పాత అలవాటు వదల్లేదు. 1983 నుంచి 2024 వరకు జరిగిన పది ఎన్నికల్లోనూ తెనాలి గెలిపించిన వ్యక్తి రాష్ట్రంలో గెలిచిన పక్షానికి చెందినవారే. 2014లో ఆలపాటి రాజేంద్రప్రసాద్, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి అన్నాబత్తుని శివకుమార్ ఆ వరుసలో వచ్చారు. శివకుమార్ తండ్రి ఇదే ఊళ్లో తెలుగుదేశం తొలి శాసనసభ్యుడైన సత్యనారాయణ. 2024లో పొత్తులో భాగంగా తెనాలి జనసేనకు వెళ్లింది. భాస్కరరావు కుమారుడు నాదెండ్ల మనోహర్ గెలిచి పౌరసరఫరాల మంత్రి అయ్యారు. ఉమ్మడి రాష్ట్రంలో కాంగ్రెస్ శాసనసభ్యుడిగా స్పీకరు పదవి చేసినవారు ఆయన. 1984లో పార్టీని చీల్చిన నాయకుడి కొడుకు, నలభై ఏళ్ల తరువాత ఆ పార్టీ మంత్రివర్గంలోనే కూర్చున్నారు. స్థానం వదులుకున్న ఆలపాటిని పార్టీ 2025 మార్చిలో కృష్ణా, గుంటూరు పట్టభద్రుల స్థానం నుంచి శాసనమండలికి పంపింది. తెనాలి పక్కనున్న బుర్రిపాలెంలో పుట్టిన పెమ్మసాని చంద్రశేఖర్ 2024లో గుంటూరు ఎంపీగా గెలిచి కేంద్ర సహాయమంత్రి అయ్యారు.

2024లో రాష్ట్రంలో తెలుగుదేశానికి 135 స్థానాలు, మిత్రపక్షాలైన జనసేనకు 21, భాజపాకు 8 వచ్చాయి. నాలుగు స్థానాలూ మళ్లీ ఒకేవైపు నిలిచాయి, తెనాలిలో మిత్రపక్షం గుర్తు మీద.

సభకు వెళ్లని సగం

తెలుగుదేశం ప్రభుత్వాలు చేసిన చట్టాల్లో ఇంటింటినీ తాకినది ఆస్తిహక్కు చట్టం. పెళ్లికాని కూతురికి ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇస్తూ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ అలాంటి చట్టం 2005లో గాని రాలేదు. ఎకరాల లెక్కన బతికే ఈ డెల్టాలో అది ఎంత పెద్ద మాటో రైతుబిడ్డలకు తెలుసు.

ఆ చట్టం తెచ్చిన పార్టీ తరఫున లోక్‌సభకు ఈ ప్రాంతం నుంచి వెళ్లిన మహిళ శారద ఒక్కరే. కాంగ్రెస్ బాపట్ల నుంచి పురందేశ్వరిని, పనబాక లక్ష్మిని పంపింది. శాసనసభ విషయానికి వస్తే, 1999లో తెనాలిలో గోగినేని ఉమ గెలిచాక తెనాలి, వేమూరు, రేపల్లె, బాపట్లల నుంచి తెలుగుదేశం గుర్తు మీద మరో మహిళ సభకు వెళ్లలేదు. పొలంలో సగం ఇచ్చిన పార్టీ సభలో సగం ఇవ్వలేదు. రాబోయే ఎన్నికల్లో టికెట్లు పంచేటప్పుడు సరిదిద్దుకోవలసిన తప్పు ఇదే.